కొలిమి ప్రశ్నలు: దాగలి కోసం ఆగకండి

పోయిన నెల ఇక్కడ గడ్డపార మొన సాగదీయడం గురించి నాలుగు ముక్కలు రాశాను. ఈ నెల పదకొండు ఉత్తరాలు వచ్చాయి. వాటిలో ఏడు ‘నేనూ కొలిమి పెట్టుకుంటాను, ఏం కొనాలి’ అన్నవే. కొత్త పాఠకుల కోసం ఒక్క మాట. నేను ఇంజనీరింగ్ కాలేజీ వర్క్‌షాపులో స్మితీ (కమ్మరి పని) ఇన్‌స్ట్రక్టర్‌గా 31 ఏళ్లు పనిచేసి రిటైరయ్యాను. అంతకుముందు చోడవరం వైపు మా పల్లెలో నాన్న కొలిమి దగ్గర నిప్పుకి గాలి కొట్టే తిత్తి లాగాను. ఇప్పుడు ఉండేది విశాఖ మర్రిపాలెంలో. బీటెక్ మొదటి ఏడాది గుండ్రటి రాడ్డుని చదరంగా కొట్టి, ఎస్ హుక్కు వంచి, మార్కులు వేయించుకుని ‘అమ్మయ్య, ఇంక సుత్తి ముట్టుకోనక్కర్లేదు’ అని పారిపోయిన పిల్లలే ముప్పై ఏళ్లొచ్చాక నాకు ఉత్తరాలు రాస్తున్నారు. రాయండి, నాకు సరదాగానే ఉంది.

ప్రశ్న: మాస్టారూ, మధురవాడలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తున్నాను. అద్దె ఇల్లే గానీ వెనకాల పదిహేనడుగుల ఖాళీ జాగా ఉంది, ఓనరు గారు సరే అన్నారు. శని, ఆదివారాల్లో కమ్మరి పని నేర్చుకోవాలని ఉంది. కొత్త దాగలి (కాగిన ఇనుము పెట్టి కొట్టే దిమ్మ) ధర చూస్తే గుండె గుభేలుమంది. పది వేల రూపాయల్లో, పాత సామానుతో మొదలుపెట్టవచ్చా? ముందుగా ఏం కొనాలి? రైలు పట్టా ముక్క దాగలిగా పనికొస్తుందా?
– ఒక పాఠకుడు, మధురవాడ

జవాబు: మొదలుపెట్టవచ్చు బాబూ. కానీ నీ ఉత్తరం నాలుగు పేజీలైతే మూడు పేజీలు దాగలి గురించే ఉంది. కొలిమి గురించి రెండు వాక్యాలు. ఇనుము గురించి ఒక్కటీ లేదు. కొత్తగా వచ్చేవాళ్లందరూ ఇంతే. దాగలి చూడ్డానికి బాగుంటుంది, ఫోటోలో పడుతుంది. పని నడిపేది మాత్రం నిప్పు. ఇనుము సరిగా కాగకపోతే ఎంత పెద్ద దాగలి మీద పెట్టి కొట్టినా నీ భుజమే అరుగుతుంది. మా నాన్న దాగలికి కొమ్మూ లేదు, గిమ్మూ లేదు. తుమ్మమొద్దులో దిగ్గొట్టిన చదరపు ఇనప దిమ్మ, అరచెయ్యంత ముఖం. ఊరందరి కొడవళ్లు, గొడ్డళ్లు, నాగలి కర్రులు దాని మీదే తయారయ్యాయి.

కాబట్టి గాజువాక ఆటోనగర్‌కి ఒక పొద్దున్నే వెళ్లు. తుక్కు కొట్టువాణ్ణి ‘దాగలి ఉందా’ అని మాత్రం అడక్కు. ఆ మాట నోట్లోంచి వచ్చిందంటే బేరం కిలోల లెక్క నుంచి వస్తువు లెక్కకి మారిపోతుంది. ‘మందపాటి దిమ్మలేమైనా ఉన్నాయా అన్నా, బరువుకెంత?’ అను. నీకు పనికొచ్చేవి మూడు రకాలు, ఏదో ఒకటి చాలు. పాత యంత్రాల షాఫ్టు ముక్క ఒకటి. ఆరంగుళాల వ్యాసం, అడుగు పొడుగు ఉన్న ముక్క దాదాపు 44 కిలోలు తూగుతుంది. దాన్ని నిలువుగా నిలబెడితే సుత్తి దెబ్బ కింద ఆ బరువంతా ఉంటుంది. రెండోది ఫోర్క్‌లిఫ్ట్ బండి ముందు ఉండే ఫోర్కు ముక్క. పోర్టు, గోడౌన్లు ఉన్న ఊరు కదా, ఎప్పుడో ఒకప్పుడు కంటపడుతుంది. మంచి ఉక్కు. మూడోది ప్రెస్ మిషన్ల పాత డై (అచ్చు) దిమ్మ.

పోత ఇనుము మాత్రం వద్దు. యంత్రాల కింద బల్లలు, బరువు కోసం వేలాడదీసే దిమ్మలు చాలావరకు పోతవే. అంచు మీద గట్టి దెబ్బ పడితే పెళ్ల లేస్తుంది. కనిపెట్టడం కష్టం కాదు. చిన్న సుత్తితో తట్టు. ఉక్కు ఖంగుమంటుంది, పోత ‘దబ్’ మని ఊరుకుంటుంది. పాత బేరింగులోంచి తీసిన పెద్ద గోళీ ఒకటి జేబులో వేసుకెళ్లు. పది అంగుళాల ఎత్తు నుంచి దిమ్మ మీద వదులు. ఏడంగుళాలు, ఆపైన తిరిగి లేచిందా, కళ్లు మూసుకుని కొను. మూడు నాలుగంగుళాలు లేచి చచ్చినట్టు పడిపోతే అది నీ డబ్బుకి తగిన దిమ్మ కాదు. ఈ గోళీ పరీక్ష చేస్తుంటే కొట్టువాడు నవ్వుతాడు. నవ్వనీ.

రైలు పట్టా ముక్క గురించి కూడా అడిగావు. పట్టా మంచి ఉక్కే. మన దగ్గర ఎక్కువగా కనిపించేవి మీటరుకి 52 కిలోలవి, 60 కిలోలవి. అడుగు ముక్క 16 నుంచి 18 కిలోలు. అందరూ దాన్ని పడుకోబెట్టి దాని వీపు మీద కొడతారు. అప్పుడు సన్నటి నడుము స్ప్రింగులా ఊగి దెబ్బని తినేస్తుంది. దాన్ని మొద్దులో నిలువుగా దింపి, కోసిన కొన మీద కొట్టు. ముఖం చిన్నదే, ఏడు సెంటీమీటర్ల వెడల్పుంటుందేమో. నీ సుత్తి ముఖం అంతకంటే చిన్నది కదా, సరిపోతుంది. అయితే ఒక హెచ్చరిక. పట్టాలు రైల్వే సొత్తు. ఎక్కడిదో రుజువు లేని రైల్వే సామాను దగ్గరుంటే 1966 నాటి చట్టం ప్రకారం మొదటిసారికే అయిదేళ్ల దాకా జైలు పడవచ్చు. బిల్లు ఇస్తేనే పట్టా ముక్క కొను. బిల్లు అడిగితే కొట్టువాడు మొహం అటు తిప్పుకుంటే నువ్వూ ఇటు తిప్పుకుని వచ్చెయ్.

దిమ్మ దొరికాక ఎత్తు చూసుకో. నిటారుగా నిలబడి చెయ్యి కిందికి వదిలేసి పిడికిలి బిగిస్తే, వేళ్ల కణుపులకి దిమ్మ ముఖం తగలాలి. అంతకంటే ఎత్తైతే భుజం పోతుంది, తక్కువైతే నడుం పోతుంది. నాకు రెండూ పోయాయి, వేర్వేరు ఉద్యోగాల్లో.

ఇక కొలిమి. నిప్పు పెట్టే గిన్నెగా లారీ బ్రేకు డ్రమ్ము మరీ పెద్దది, బొగ్గు తెగ తింటుంది. కారు బ్రేకు డ్రమ్ము చాలు. అదీ వద్దనుకుంటే పాత ఇనప బేసిన్‌లో బంకమట్టి, ఇసక కలిపి మెత్తి, మధ్యలో గిన్నెలా గుంట చేసి, పక్కనుంచి అంగుళం పైపు దింపు. పైపు నల్ల ఇనుముదే కావాలి. తెల్లగా మెరిసే జీఐ (జింకు పూత) పైపు నిప్పు దగ్గరికి రానీకు, ఎందుకో కింద మరో ఉత్తరంలో చెప్పాను. మట్టి నీడన వారం ఆరాక చిన్న మంటతో కాల్చు. గాలికి చేత్తో తిప్పే పాత బ్లోయరు దొరికితే అదృష్టం. లేకపోతే హోటళ్లవాళ్లు బొగ్గుపొయ్యికి పెట్టుకునే చిన్న కరెంటు బ్లోయరు కొను. గాలి తగ్గించడానికి పైపుకి ఒక తలుపు తప్పదు. కొత్తవాళ్లు గాలి ఎక్కువ పెడతారు. ఇనుము పసుపు దాటి తెల్లబడి, కాకరపువ్వొత్తిలా చిటపటమని రవ్వలు రాలుస్తుంటే కొందరు ‘ఆహా’ అనుకుంటారు. అది ఇనుము కాలిపోతున్న గుర్తు. కాలిపోయిన కొనని నరికి పారెయ్యడమే, దాన్ని బాగుచేసే విద్య ఎవరికీ లేదు.

బొగ్గు సంగతి. పల్లె కమ్మర్లు చాలామంది ఇప్పుడు రాక్షసి బొగ్గు వాడతారు. వేడి బాగా ఇస్తుంది, పొగా వాసనా కూడా అంత బాగానే ఇస్తుంది. మధురవాడలో మూడో రోజుకే పక్కింటివాళ్లు గేటు దగ్గర నిలబడతారు. నువ్వు కర్రబొగ్గు కొను. ఇస్త్రీ బండ్లవాళ్లు తెచ్చుకునే చోటే దొరుకుతుంది. సరుగుడు బొగ్గు, తుమ్మ బొగ్గు ఏదైనా సరే, ఉసిరికాయంత ముక్కలుగా కొట్టుకో. ఇనుముని గాలి వచ్చే గొట్టం మూతి మీద పెట్టకు. గొట్టానికీ దానికీ మధ్య బెత్తెడు మందాన నిప్పు ఉండాలి, దాని పైన కూడా నిప్పు కప్పాలి. కర్రబొగ్గు మిణుగురుల్లా రవ్వలు ఎగరేస్తుంది. పైన తాటాకు పందిరి వద్దు, రేకు వేయించు. పొద్దున్న ఆరింటికి మొదలెట్టి తొమ్మిదిన్నరకి ఆపెయ్. ఆ తర్వాత సముద్రపు గాలి లేస్తుంది, రవ్వలు ఎటు పోతాయో చెప్పలేం. పైగా ఎండలో ఇనుము రంగు తెలియదు. నీడలో మసక ఎరుపులో కనిపించేది ఎండలో నల్లగానే ఉంటుంది, చల్లారిందనుకుని చేత్తో పట్టుకుంటావు.

సుత్తి కిలోది ఒకటి చాలు. పాతదే నయం, కొత్త సుత్తి అంచులు పదునుగా ఉండి ఇనుము మీద నెలవంక గుర్తులు వేస్తాయి. కొత్తది కొంటే అంచులు ఆకురాయితో గుండ్రంగా రుద్దేసుకో. పటకార్లు ఇప్పుడే కొనకు. రెండడుగుల రాడ్డు కొన కాచుకుంటే అవతలి కొన చేత్తోనే పట్టుకోవచ్చు. పది మిల్లీమీటర్ల ఎంఎస్ (మైల్డ్ స్టీల్, మెత్తటి ఉక్కు) రాడ్డుతో ఎస్ హుక్కులు చెయ్. అవును, మళ్లీ అవే. ఒక ఇరవై చేశాక నీ మొదటి పటకారు నువ్వే చేసుకుంటావు. అది వంకరగా ఉంటుంది, దాన్ని దాచుకో.

కళ్లకి అద్దాలు, కాళ్లకి బూట్లు, ఒంటికి నూలు బట్టలు. టెర్లిన్ చొక్కా, నైలాన్ లుంగీ రవ్వ పడితే కరిగి చర్మానికి అతుక్కుంటాయి. పక్కన బకెట్ నీళ్లు, ఒక బస్తా ఇసక.

లెక్క చూస్తే నీ పది వేలలో కొంత మిగలాలి. మిగిలినదాంతో ఇంకో సుత్తి కొనేస్తావని తెలుసు. ఆ డబ్బుకి బొగ్గు కొను.

ప్రశ్న: అపార్ట్‌మెంట్ బాల్కనీలో వంటగ్యాస్ సిలిండరుతో చిన్న కొలిమి పెట్టుకోవచ్చా సార్?
– ఒక పాఠకుడు, సీతమ్మధార

జవాబు: వద్దు సార్. 14.2 కిలోల ఎర్ర సిలిండరు వంటకి ఇచ్చింది, ఇంకో పనికి వాడకూడదు. కొలిమి బర్నరుకి ఎక్కువ ఒత్తిడి ఇచ్చే వేరే రెగ్యులేటరు, దానికి తగిన గొట్టం కావాలి. వంటింటి రెగ్యులేటరుతో అది పనిచేయదు, దాన్ని ఎవరైనా ‘మార్చి ఇస్తాను’ అంటే అక్కణ్ణుంచి లేచిపోండి. పైగా మూసిన చోట ఏ కొలిమైనా కార్బన్ మోనాక్సైడ్ వదులుతుంది. దానికి వాసన ఉండదు, రంగు ఉండదు. పల్లెలో చుట్టాలుంటే వాళ్ల పెరట్లో పెట్టుకోండి. లేదా మధురవాడ కుర్రాడితో స్నేహం చేయండి.

ప్రశ్న: గురువుగారూ, నేను గాజువాకలో మెకానిక్ షెడ్డులో హెల్పరుని. లారీ కమాన్ పట్టీ (కుదుపు ఆపే స్ప్రింగు పట్టీ) ముక్కతో చాకు కొట్టాను. బాగా వచ్చింది. పదును కోసం ఎర్రగా కాచి నీళ్లలో ముంచితే ‘టిక్’ మని చప్పుడొచ్చింది. చూస్తే అంచు నుంచి మధ్యదాకా వెంట్రుకంత చీలిక. నా తప్పేమిటి?
– ఒక పాఠకుడు, గాజువాక

జవాబు: నాయనా, ఆ ‘టిక్’ నేనూ విన్నాను. కాదు, నేను అదీ వినలేదు. ఇంటర్ సెలవుల్లో నాన్నకి చెప్పకుండా కమాన్ ముక్కతో ఒక ఉలి చేశాను. బావి నీళ్లలో ముంచాను. ఆకురాయి పెడితే జారిపోయింది, అంత గట్టిపడింది. పెద్ద పనివాణ్ణి అయిపోయానని అటక మీద పెట్టి పడుకున్నాను. పొద్దున్న చూస్తే రెండు ముక్కలు. ఎవరూ ముట్టుకోలేదు, కింద పడలేదు. లోపల బిగిసిన ఒత్తిడికి రాత్రికి రాత్రి అదే విరిగింది. నాన్న ముక్కలు రెండూ చేతిలో పెట్టి ‘నీళ్లకి ఒప్పుకునే ఇనుము వేరు, నూనెకి ఒప్పుకునేది వేరు’ అన్నారంతే. తిట్టి ఉంటే బాగుండేది.

కమాన్ పట్టీల్లో అర శాతం పైన కార్బన్ ఉంటుంది, దానికి తోడు సిలికాన్, మాంగనీస్, కొన్నిట్లో క్రోమియం కలుపుతారు. ఇవి కలిసిన ఉక్కు నిదానంగా చల్లారినా గట్టిపడుతుంది, అందుకే నూనె చాలు. నీళ్లలో వేస్తే పైపొర ఒక్కసారిగా బిగుసుకుంటుంది, లోపలి భాగం తర్వాత బిగుస్తూ ఉబ్బుతుంది. ఆ పెనుగులాటలో పగులుతుంది. మన తాతల నాటి కర్రులు, కొడవళ్లు నీళ్లలో ముంచినా నిలిచాయంటే ఆ ఇనుములో ఈ మందులు లేవు.

ఇంకో సంగతి. పాత పట్టీ లారీ కింద లక్షల సార్లు వంగి లేచింది. మధ్య బోల్టు కన్నం చుట్టూ, పట్టీల రాపిడి ఉన్న చోట కంటికి కనపడని చీలికలు ఉంటాయి. కన్నానికి నాలుగంగుళాలు ఇటూ అటూ వదిలేసి మిగతాది వాడు. అసలు నన్నడిగితే కమాన్ కట్టేవాళ్ల దగ్గర కొత్త పట్టీ కోసిన తునకలు ఉంటాయి, బతిమాలితే బరువుకి ఇస్తారు. అదే వాడు. నాలుగు గంటలు కొట్టి చేసిన చాకు చివర్లో చీలితే, పాత ముక్క మీద మిగుల్చుకున్న పాతిక రూపాయలు ఏ మూలకి?

ఈసారి ఇలా చెయ్. కొట్టడం అయిపోయాక మూడుసార్లు కాచి, ముట్టుకోకుండా గాలికి ఆరనివ్వు. లోపల కట్టు సర్దుకుంటుంది. తర్వాత అయస్కాంతం దగ్గర పెట్టుకో. ఉక్కు 770 డిగ్రీల దగ్గర అయస్కాంతానికి అంటుకోవడం మానేస్తుంది. మానేశాక ఇంకాస్త, అంటే రంగు ఒక్క మెట్టు పెరిగేదాకా కాచి, నూనెలో మొన కిందికి నిలువుగా దింపు. పక్కలకి ఊపకు, వంకర పోతుంది. నూనె అయిదు లీటర్లైనా ఉండాలి, వంటనూనే, పామాయిల్ ఫరవాలేదు. చెయ్యి పెట్టలేనంత వేడిగా, అంటే 50, 60 డిగ్రీలకి ముందే కాచుకో. చల్లటి నూనె చిక్కగా ఉండి సరిగా లాగదు. మీ షెడ్డులో పాత ఇంజనాయిలు డబ్బాలకొద్దీ ఉంటుంది, అది వద్దు. దాని పొగ పీల్చకూడనిది. నూనె ఇనప డబ్బాలోనే పొయ్యి, మూత చేతికందేలా ఉంచు. మంట లేస్తే మూత వెయ్యడమే, నీళ్లు చల్లావా, ఇల్లు తగలబడుతుంది.

నూనెలోంచి తీసిన చాకు గాజు. కింద పడితే ముక్కలు. అదే పూట మళ్లీ కొద్దిగా కాచి ఆ పెళుసుతనం తగ్గించాలి. ఒకవైపు మెరిసేలా రుద్ది, 200 డిగ్రీల ఓవెన్‌లో గంటసేపు, చల్లార్చి మళ్లీ గంట. మెరిసిన చోట ఎండు గడ్డి రంగు వస్తుంది. చాకుకి అది చాలు, నీలం దాకా పోతే అంచు మెత్తబడుతుంది. ఈ పనికి ఇంట్లో కేకుల ఓవెన్ వాడదామని నేను ఒకసారి చూశాను. నూనె తుడవడం మర్చిపోయాను. మా ఆవిడ రెండేళ్లపాటు నాకు కేకు పెట్టలేదు.

చీలిన చాకు దాచుకో, పారెయ్యకు. చీలిక దగ్గర విరగ్గొట్టి లోపల చూడు. మెత్తటి బూడిద రంగులో, సన్నటి నూకలా ఉంటే కాక సరిగానే పడింది. పంచదార పలుకుల్లా మెరుస్తుంటే ఎక్కువ కాచావు. రెండో తప్పు కూడా చేశావేమో తెలిసిపోతుంది.

ప్రశ్న: పాత నీళ్ల పైపు ముక్క కొలిమిలో పెట్టి వంచాను. ఆ రాత్రి చలి, జ్వరం, ఒళ్లు నొప్పులు. మర్నాటికి తగ్గింది. దీనికీ దానికీ సంబంధం ఉందా?
– ఒక పాఠకుడు, పెదగంట్యాడ

జవాబు: ఉందండీ. ఆ పైపు మీద తుప్పు పట్టకుండా జింకు పూత ఉంటుంది. జింకు 907 డిగ్రీలకే మరిగి ఆవిరవుతుంది, కొలిమి వేడి అంతకంటే ఎక్కువ. తెల్లటి దూదిలాంటి పొగ లేచి ఉంటుంది, గుర్తు తెచ్చుకోండి. అది పీల్చిన కొన్ని గంటలకి వచ్చే జ్వరం ఇది, వెల్డర్లకి బాగా తెలుసు. ఒకటి రెండు రోజుల్లో తగ్గుతుంది. తగ్గింది కదా అని మళ్లీ చేయకండి. ఊపిరి ఆడకపోయినా, ఛాతీ బిగబట్టినా ఆలోచించకుండా కేజీహెచ్‌కి (కింగ్ జార్జ్ ఆసుపత్రికి) వెళ్లండి. పాలు తాగితే పోతుందని, అనకాపల్లి బెల్లం తింటే పోతుందని చెబుతారు. బెల్లం మంచిదే, తినండి. దీనికి మందు మాత్రం కాదు.

మనది ఉప్పుగాలి ఊరు. గేట్లు, బోల్టులు, రేకులు, కంచె తీగలు సగానికి సగం జింకు పూతవే. తుక్కులో తెల్లగా, మచ్చలు మచ్చలుగా మెరుస్తూ కనిపించేవి పక్కన పెట్టేయండి. రెండు వైపులా మూసుకున్న గొట్టాలు కూడా అంతే. బైకు షాక్ అబ్జార్బరులాంటివి నిప్పులో పెడితే బాంబులా పేలతాయి.

ప్రశ్న: స్టీల్‌ప్లాంట్ ఉన్న ఊళ్లో ఉండి ఉక్కు డబ్బు పెట్టి కొనాలా? పక్కనే ఇల్లు కడుతున్నారు, కమ్మీల ముక్కలు బోలెడు. వాటితో కత్తులు చేసుకోవచ్చు కదా?
– ఒక పాఠకుడు, కూర్మన్నపాలెం

జవాబు: మీ ప్రశ్న చదివి నవ్వొచ్చింది. ‘విశాఖ ఉక్కు ఆంధ్రుల హక్కు’ అని 1966లో ఊరేగింపులు పోతుంటే నాకు ఎనిమిదేళ్లు. హక్కు అంటే ఇంటికో ముక్క ఇస్తారని నేనూ అనుకున్నాను. ప్లాంటు సరుకు టన్నుల లెక్కన పోతుంది. మనకి చేరేది చిల్లర కొట్టు రాడ్డే.

ఇంటి కమ్మీ అంటే టీఎంటీ రాడ్డు. ఎర్రగా కాలుతున్న రాడ్డుని మిల్లులో నీటి ధారల మధ్యనుంచి పంపిస్తారు. పైపొర గట్టిపడుతుంది, లోపల మెత్తగా ఉండిపోతుంది. అదే దాని బలం. మీరు కొలిమిలో పెట్టిన మరుక్షణం ఆ ఏర్పాటంతా కరిగిపోతుంది. అందులో కార్బన్ కూడా 0.30 శాతానికి మించకూడదని ప్రమాణం. అంత తక్కువ కార్బన్‌తో కూరగాయల కత్తికి పట్టే పదును నిలవదు. కాబట్టి కమ్మీ ముక్కలతో హుక్కులు, మేకులు, పూలకుండీ స్టాండు, తోటలో పాతే గుంజలు చేసుకోండి. మేస్త్రిని అడిగి తెచ్చుకోండి, అడక్కుండా కాదు.

నేర్చుకోవడానికి సాదా ఎంఎస్ రాడ్డే మంచిది. బరువు కట్టడానికి ఒక లెక్కుంది, సైటు ఇంజనీర్లందరికీ తెలుసు. మందం మిల్లీమీటర్లలో తీసుకుని, దాన్ని దానితోనే గుణించి 162తో భాగించండి. మీటరుకి ఎన్ని కిలోలో వస్తుంది. పది మిల్లీమీటర్ల రాడ్డు మీటరుకి 0.617 కిలో. ఆరు మీటర్ల నిడివి కొంటే మూడు కిలోల ఏడు వందల గ్రాములు. కాటా వేసేటప్పుడు ఈ అంకె మనసులో ఉంచుకుంటే కొట్టువాడు కూడా మిమ్మల్ని కాస్త గౌరవంగా చూస్తాడు.

కాస్త గట్టి సరుకు కావాలంటే లేత్ షాపుల దగ్గర ఈఎన్-8 అనే రకం ఉక్కు రాడ్డు కోసిన మొదళ్లు అడగండి. 0.4 శాతం కార్బన్, సుత్తి తలకాయలకి బాగుంటుంది. పాత బేరింగుల్లో కార్బన్ ఒక శాతం దాకా, క్రోమియం ఒకటిన్నర శాతం ఉంటుంది. గొప్ప ఉక్కే కానీ మొండిది, సుత్తి కింద అంత సులువుగా లొంగదు, చల్లగా కొడితే పగులుతుంది. ఏడాది ఆగండి. అరిగిపోయిన ఆకురాళ్లు కూడా మంచి ఉక్కే, పళ్లు పూర్తిగా రుద్దేశాకే కాచండి. లేకపోతే ఆ గాట్లే చీలికలవుతాయి.

ఏ ముక్క ఏదో తెలియనప్పుడు గ్రైండరు రాయికి తాకించి రవ్వలు చూడండి. మెత్తటి ఇనుము పొడుగాటి గీతల్లా వదులుతుంది. కార్బన్ ఎక్కువున్నది మతాబులా గుత్తులు గుత్తులుగా చిట్లుతుంది. పోత ఇనుము ఎర్రగా, పొట్టిగా రాలుతుంది. పేరు తెలిసిన రెండు మూడు ముక్కలు పక్కన పెట్టుకుని పోల్చితేనే ఇది పనిచేస్తుంది. ఉత్త కంటి చూపుతో చెప్పేస్తానన్నవాణ్ణి నమ్మకండి, అది నేనైనా సరే.

ప్రశ్న: సినిమాలో చూపించినట్టు రెండు చేతులతో పట్టే ఖడ్గం మొదటి పనిగా చేయవచ్చా?
– ఇంటర్ విద్యార్థి, ఎన్ఏడీ

జవాబు: ముందు ఒక బొరిగె (కలుపు తీసే పనిముట్టు) చెయ్. అది మీ అమ్మగారి చేతికిస్తే నెల రోజులు నిలవాలి. తర్వాత ఉత్తరం రాయి.

ప్రశ్న: మాస్టారు గారికి నమస్కారం. మాది ఆనందపురం దగ్గర పల్లె. మా తాతయ్య కమ్మరి, పోయి ఆరేళ్లయింది. పాకలో ఆయన దాగలి, తోలు తిత్తి, మూడు పటకార్లు, ఒక సమ్మెట అలాగే ఉన్నాయి. మామయ్య తుక్కు బండివాడికి ఇచ్చేద్దామంటున్నాడు. నాకు నేర్చుకోవాలని ఉంది. ‘ఆడపిల్లవి, నీకెందుకు’ అంటున్నారు. ఆ సామాను పనికొస్తుందా? ఎలా శుభ్రం చేయాలి?
– ఒక పాఠకురాలు

జవాబు: తల్లీ, నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. ‘ఆడపిల్లవి’ అన్నవాళ్లని ఒక్క మాట అడుగు: తాతయ్య కొలిమి దగ్గర తిత్తి ఎవరు లాగేవారు? మా ఇంట్లో అమ్మ లాగేది. నాన్న చిన్న సుత్తితో చూపించిన చోట సమ్మెట దెబ్బ వేసేది కూడా అమ్మే. దెబ్బ తప్పడం నేనెప్పుడూ చూడలేదు. నాకు మాత్రం పదహారేళ్లొచ్చేదాకా సమ్మెట ఇవ్వలేదు.

దాగలి ముఖం మీద గ్రైండరు పెట్టనివ్వకు. ఎవరైనా ‘వెల్డింగ్ పెట్టి కొత్తగా చేస్తాను’ అన్నా వద్దను. పాత దాగళ్లలో కొన్నిటికి పైన పల్చటి ఉక్కు పొర ఉంటుంది, రుద్దితే అది పోతుంది. తీగ బ్రష్షుతో తుప్పు రాల్చి, నూనె గుడ్డతో తుడిచి వదిలెయ్. అంచులు విరిగి ఉన్నా కంగారు పడకు, విరగని చోటు కాస్త ఉంటే చాలు. మధ్యలో లోతు పడి ఉంటే అది తాతయ్య చేతి గుర్తు. వంకర రాడ్డు సరిచేయడానికి ఆ లోతే పనికొస్తుంది. మొద్దు పుచ్చి ఉంటుంది, చింతమొద్దు కొత్తది వేయించు.

పటకార్ల సీల బిగుసుకుపోయి ఉంటుంది. కిరోసిన్‌లో రెండు రోజులు నానబెట్టు. కదలకపోతే సీల దగ్గర ఎర్రగా కాచి, తెరుస్తూ మూస్తూ చల్లార్చు. మూడు పటకార్ల నోళ్లూ మూడు రకాలుగా ఉంటాయి చూడు, ఒకటి పలకకి, ఒకటి రాడ్డుకి, ఒకటి గొడ్డలి కన్నంలాంటి వాటికి. ఆయన ఏం పని ఎక్కువ చేసేవారో అవే చెబుతాయి. సమ్మెట పిడి మార్చకుండా ఎత్తకు. ఆరేళ్లు పాకలో ఉన్న కర్ర పురుగు తిని ఉంటుంది. తల ఊడి ఎగిరితే ఎవరికి తగులుతుందో తెలియదు.

తిత్తి గురించి చెప్పడానికి కొంచెం బాధగా ఉంది. ఆరేళ్లు నూనె లేని తోలు మడతల దగ్గర చిట్లిపోతుంది. ఆముదం పట్టించి వారం చూడు. ఒదిగితే నీ అదృష్టం, లేకపోతే చిన్న బ్లోయరు కొనుక్కో. తిత్తిని మాత్రం తుక్కులో వేయకు.

ప్రధానమంత్రి విశ్వకర్మ పథకం ఒకటి 2023 సెప్టెంబరు 17న మొదలైంది. అందులో ఉన్న 18 వృత్తుల్లో కమ్మరిదీ ఒకటి. శిక్షణ రోజులకి రోజుకి 500 రూపాయలు, పనిముట్లకి 15,000, తర్వాత తక్కువ వడ్డీకి అప్పు. ఇంటికి ఒక్కరికే ఇస్తారు, ఆ పని నిజంగా చేస్తున్నవాళ్లకే ఇస్తారు. కాబట్టి ముందు కొలిమి వెలిగించు, ఆర్నెల్లు పని చెయ్, ఆ తర్వాత దగ్గర్లోని కామన్ సర్వీస్ సెంటరులో దరఖాస్తు సంగతి అడుగు. ఆ పదిహేను వేలని నమ్ముకుని మొదలెట్టకు. నీ పాకలో ఉన్న సామానుతోనే మీ తాతయ్య ఒక సంసారం నడిపారు.

మామయ్యతో గొడవ పెట్టుకోకు. తుక్కు బండివాడు కాటా వేసి ఎంత ఇస్తానన్నాడో కనుక్కో. అంతకి ఒక వంద ఎక్కువ ఇచ్చి నువ్వే కొను. కాగితం మీద రాయించుకుని సంతకం పెట్టించుకో. నువ్వు చేసిన మొదటి కత్తిపీట బాగుంటే ఆయనే ‘ఆ దాగలి నేను ఇవ్వలేదు’ అంటాడు, అప్పుడు ఆ కాగితం కావలసి వస్తుంది.